ఇప్పి చూడొద్దన్నాడంటే ఇంక మీకు అర్థం కావట్లేదా?

మా బావ వనపర్తి నుంచి ఫోను. పాత జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ వేయిస్తాడట. 993 సీసీ పోయి 1298! స్క్రాపు షాపువాడు "అసలు తిరగని బండిది, ఇప్పద్దు సార్" అన్నాట్ట.

తిరగని బండిదయితే ఇప్పితే భయమెందుకండీ? కంప్రెషన్ టెస్టుకి గంట పట్టదు. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా రాకపోతే తిరిగొచ్చేయడమే.

"కొత్తది కొనుక్కోమను" అని మా ఆఫీసు మేధావి సలహా. ఎస్టీమ్ తయారీ ఆగి పదిహేనేళ్ళు దాటింది బాబూ!

నా ఓటు ఉన్న ఇంజన్‌నే బోరు చేయించడానికి. ఇంజన్ మారిస్తే సెక్షన్ 52 కింద అనుమతి, ఆర్సీలో కొత్త నంబరు ఉండాలి. "అవన్నీ ఎవడు చూస్తాడ్రా" అంటాడు బావ. యాక్సిడెంటయితే ఇన్సూరెన్సువాడు చూస్తాడు.

బ్రేకులు మాత్రం పాత జెన్‌వేనట. గద్వాల రోడ్డు మీద, రాత్రి, లైట్లులేని ట్రాక్టర్ల వెనక. వెనక సీట్లో మా అక్క, పిల్లలు.