మసక ఎవరి కళ్ళకి?

కారోలీ ష్నీమన్ ‘ఫ్యూజెస్’లో ఏమీ సరిగ్గా కనపడదని విసుక్కునే మేధావుల్ని అడుగుతున్నాను: ఏం కనపడాలనుకున్నారు? 1959లో స్టాన్ బ్రాకేజ్ తీసిన ‘క్యాట్స్ క్రేడిల్’లో ఈ అమెరికన్ కళాకారిణి అతని చూపుకి లోబడిన బొమ్మ. 1964-67 మధ్య తానే కెమెరా పట్టింది. సహచరుడు జేమ్స్ టెన్నీతో తన శృంగారాన్ని తానే చిత్రించింది. ఆ ఫిల్మ్ మీద రంగులు పూసింది, గీకింది, కాల్చింది. దాదాపు అరగంట మూకీ. అందులో శరీరం దాక్కోదు, అలాగని సరుకూ కాదు. నన్ను కట్టిపడేసేది ఆ మసకే. దాన్ని అశ్లీలమన్నా, అస్పష్టమన్నా అసలు బాధ ఒకటే: స్త్రీ తన సుఖాన్ని తన కళ్ళతో చూసుకోవడం వీళ్ళకి మింగుడుపడదు.