చల్లగాలి యంత్రమును మూడవ తీగెయు

ఒకానొక కాలమున మన యెచ్చెర్ల ప్రాంతమున వేసవి వచ్చెననిన జనులు వేపచెట్టు నీడకు మంచములు చేర్చుకొని, తాటియాకు విసనకఱ్ఱతో ప్రొద్దు పుచ్చెడివారు. ఇప్పుడు జాతీయ రహదారి కిరుప్రక్కల నున్న వీధులలో నడచి చూచిన, మేడల వెనుకగోడలకు తెల్లని రేకుపెట్టెలు వ్రేలాడుచు వేడిగాలిని మన మొగముపై గ్రక్కుచున్నవి. విశ్వవిద్యాలయమున జదువుకొను విద్యార్థులకు గదులు బాడుగకిచ్చువారు సైతము “ఏసీ గది కలదు” అని పలకలు గట్టుచున్నారు. ఎయిర్ కండిషనరు సంపన్నుల సొత్తుగ నున్న దినములు గతించినవి.

దీనిని జూచి, పల్లెటూరివారికీ విలాసమేల యని యెత్తిపొడుచు పెద్దలు కలరు. వారితో నే నేకీభవింపను. మనది సముద్రతీరము. బుడగట్లపాలెము వైపునుండి వీచు గాలిలో నీటియావిరి మిక్కుటము. చెమట పట్టునే గాని యాఱదు. చెమట యాఱనిదే శరీరము చల్లబడదు. 2015వ సంవత్సరపు వేసవియందు ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి వడదెబ్బకు లోనై మృతినొందిరి. వృద్ధులును, పసిపాపలును, హృద్రోగులును గల యింట చల్లని గది యొకటి యుండుట ఔషధమువంటిది. అయినను ఔషధమునకు పథ్యమున్నట్లే యీ యంత్రమునకును పథ్యము కలదు. మనవారు ఔషధమును గొనుచున్నారు, పథ్యమును విడిచిపెట్టుచున్నారు. నలువది వేల రూపాయలిచ్చి యంత్రమును దెచ్చు గృహస్థుడు, ప్రాణరక్షణకు వలయు తీగెకును గుంటకును మఱి కొలది వేలు వ్యయము చేయుమనిన బేరమాడును. నా తగవంతయు నీ బేరముతోనే.

గడచిన వేసవిలో మా వీధియందు జరిగిన సంగతి చెప్పెదను. ఒక యింట క్రొత్తగా ఏసీ నమర్చిరి. మఱునాడా యింటి మామ్మ తడిబట్టలారవేయుచు, వెనుక వసారాలోని పెట్టెపై చేయి యానించెను. చేయి చిమచిమలాడి భుజము వఱకు జిల్లుమనెను. అమర్చిన పనివానిని పిలిపింపగా నతడు నవ్వి, “కొత్త మిషన్లు అలాగే జిల్లుమంటాయి మామ్మా, వాడగా వాడగా పోతాది” అని చెప్పి వెడలిపోయెను. అదృష్టవశమున నాటి దినమామె రబ్బరు చెప్పులు తొడిగియుండెను. తరువాత పని తెలిసిన యెలక్ట్రీషియను నొకని దెచ్చి సాకెట్టు విప్పించి చూడగా, మూడవ రంధ్రము వెనుక తీగెయే లేదు. పైకి మూడు రంధ్రములు, గోడలో రెండే తీగెలు!

ప్లగ్గునకు గల మూడు కాళ్ళలో నొకటి తక్కిన రెండింటికంటె పొడవుగను లావుగను ఉండుటను విద్యార్థులు గమనించియుందురు. అది యందముకొఱకు జేసినది కాదు. ప్లగ్గును దోపునప్పుడు భూమితోడి సంబంధము మొదట కలుగవలెననియు, లాగునప్పుడు కడపట తెగవలెననియు నట్లు చేసిరి. తీగెపై తొడుగు చినిగియో, ఎలుక కొఱికియో, ఉప్పుగాలికి లోపలి భాగములు చెడియో విద్యుత్తు రేకుపెట్టెకు దిగెనేని, మూడవ తీగె దానిని నేరుగ భూమికి గొనిపోవును. ఒక్కసారిగ నధిక ప్రవాహము కలుగుటచే బ్రేకరు పడిపోవును. ఇంటివారు కరెంటు పోయినదని విసుగుకొందురు, అంతియే. ఆ తీగె లేనిచో రేకుపెట్టె 230 వోల్టులతో పలుకక యులుకక నిలిచి, వట్టికాళ్ళతో తడినేలపై నడచివచ్చు మనుష్యునికొఱకు కాచుకొనియుండును.

ఆ తీగె చేరవలసిన చోటు ఎర్తు గుంట. గొట్టమునో పలకనో లోతుగ బాతి, చుట్టును బొగ్గును ఉప్పును నింపి, నీరు పోయుటకు పైన గరాటు పెట్టుట మన పనివారెఱిగిన పద్ధతియే. అయితే తీరప్రాంతపు టిసుకనేల నీటిని నిలుపదు. మే నెలలో నేల యెండినకొలది గుంట బలము తగ్గును. ఏసీ రేయింబవళ్ళు తిరుగునదియు నా నెలలోనే! మల్లెపాదునకు నీరు పోయు నింటివారు ఎర్తు గుంటకును బిందెడు నీరేల పోయరో నాకు తెలియకున్నది.

ఇంకొక కావలివాడును కలడు. వానిని ఆర్.సి.సి.బి. యందురు. సామాన్యమైన బ్రేకరు తీగెను గాపాడును, ఇది మనుష్యుని గాపాడును. పోయిన విద్యుత్తంతయు తిరిగివచ్చినదా లేదా యని లెక్క చూచి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడినంతనే రెప్పపాటులో ప్రవాహమును ద్రుంచివేయును. దానిపై పరీక్షకొఱకు చిన్న మీట యొకటి యుండును. పెట్టించుకొన్న నాటినుండి నేటివఱకు దానిని ముట్టి యెఱుగనివారే మనలో నెక్కువ. నెలకొక్కమారైన నొక్కి చూడవలెను.

టన్ను, టన్నున్నర యని యంత్రమును గూర్చి చెప్పుకొనుట విని యది దాని బరువనుకొనువారు కలరు. ఈ మాట మంచుగడ్డల కాలము నాటిది. 1833లో అమెరికాలోని బోస్టనునుండి కలకత్తాకు ఓడలో మంచు వచ్చెను. మద్రాసు సముద్రపుటొడ్డున అట్టి మంచును దాచుటకు గట్టిన ఐస్ హౌసు నేటికిని వివేకానందర్ ఇల్లమను పేర నిలిచియున్నది. ఒక టన్ను మంచు ఒక దినమున గఱగుటకు ఎంత వేడిని పీల్చునో, అంత వేడిని గదినుండి తీయగల శక్తికే టన్నని పేరు. 1902లో విల్లిస్ క్యారియరను నింజనీరు న్యూయార్కులోని బ్రూక్లిన్ యందొక యచ్చుకూటమున గాలిలోని తేమను అదుపుచేయుటకు గల్పించిన పద్ధతి నేటి యంత్రములకు మూలము. కావున నీ యంత్రము లోని వేడిని మోసి బయట పాఱవేయు కూలివంటిది. కూలికి కూడు పెట్టవలెను గదా! టన్నున్నర యంత్రము నిండుగ పనిచేయునపుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసికొనును; పాతరకపుదైనచో బయలుదేఱునప్పుడు అంతకు పెక్కు రెట్లు. దీనిని పంకాకును దీపమునకును ఉద్దేశించిన 6 ఆంపియర్ల సాకెట్టునకు ఎక్స్‌టెన్షను బోర్డుతో దగిలించుట, పసివానిచే ధాన్యపు బస్తా మోయించుటయే. దీనికి 16 ఆంపియర్ల సాకెట్టును, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెయు, మీటరు పెట్టెనుండి వేఱుగ వచ్చు దారియు, వేఱు బ్రేకరును వలయును. ప్లగ్గు చేతికి వేడిగ దగిలినను, దాని తెల్లదనము గోధుమవన్నె తిరిగినను, కాలిన వాసన వచ్చినను, ఆ రాత్రికి విసనకఱ్ఱయే మేలు.

విద్యుత్తు పోయి వచ్చినవెంటనే యంత్రమును నడపరాదు. లోని వాయువుల యొత్తిడి సమమగుటకు మూడు నిముషములైన పట్టును. క్రొత్త యంత్రములు చాలవఱకు తామే యాగును. పాతవానికి మన యోరిమియే దిక్కు.

2020 జనవరి 1వ తేదీనుండి మన దేశమున నక్షత్రపు గుర్తులు గల గది ఏసీలు 24 డిగ్రీలకు అమర్చబడియే వచ్చుచున్నవి. మనవారో, రిమోటు చేతబట్టిన మఱుక్షణమే 18కి దింపి, పిమ్మట బొంత కప్పుకొని వణకుదురు! డబ్బిచ్చి చలిని గొని, ఆ చలికి మందు బొంతయా? ఒక డిగ్రీ పెంచిన నూటికాఱు వంతుల విద్యుత్తు మిగులునని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి యంచనా. మన ప్రాంతపు బాధ వేడికంటె తేమవలన నెక్కువ గనుక, 26 వద్ద నుంచి పైన పంకా మెల్లగ ద్రిప్పుకొన్న చాలును.

ఇక నొక ప్రమాదమును గూర్చి గట్టిగ చెప్పవలసియున్నది. ఈ యంత్రము బయటనుండి క్రొత్తగాలిని తెచ్చునని పలువురి భ్రమ. గోడకు దగిలించు రకము గదిలోనున్న గాలినే మరల మరల ద్రిప్పును. మన యిండ్లలో బాలింతరాలి గదిలో నిప్పుల కుంపటి పెట్టి సాంబ్రాణి వేయు నాచారము కలదు. పెంకుటింటిలో గాలి యాడుచుండుటచే నది కొంత చెల్లినది. తలుపులు కిటికీలు బిగించిన యేసీ గదిలో నా కుంపటి పెట్టినచో, రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు నిండి, తల్లియు బిడ్డయు నిద్రలోనే పోవుదురు. తుపాను రాత్రులలో ఇంటిలోపల జనరేటరు నడపుటయు నట్టిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము వద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ మన జిల్లా యుత్తరభాగమున పలాస ప్రాంతమునను తీరము దాటిన పిమ్మట, పెక్కు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండుట మనమెఱుగుదుము. జనరేటరు నుంచవలసిన చోటు ఆరుబయలు. తుపాను హెచ్చరిక వచ్చినంతనే ఏసీ ప్లగ్గు తీసివేయవలెను. వెలుపలి పెట్టె నీట మునిగినచో, తెలిసినవాడు పరీక్షించువఱకు దానిని ముట్టరాదు.

విద్యార్థులారా, మీరు స్వయముగ జేయదగిన పని యొక్కటి కలదు. రిమోటుతో నాపుట చాలదు. గోడవద్ద స్విచ్చి యార్పి, ప్లగ్గు తీసి, పిమ్మట ముందరి మూతనెత్తి లోని జల్లెడను దీయుడు. మన రహదారి దుమ్మునకు పదునైదు దినములలో నది మూసికొనిపోవును. నీట గడిగి, నీడను బాగుగ నారబెట్టి, మరల నమర్చుడు. జల్లెడ మూసికొన్నచో గాలి తగ్గి, లోని గొట్టములపై మంచు గట్టి, నీరు గోడవెంట గాఱును. అంతకు మించి స్క్రూడ్రైవరు పట్టకుడు. విద్యుత్తు నాపిన పిమ్మటను కెపాసిటరను భాగమున ప్రాణము తీయగల విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

ప్రతి వేసవికిని “గ్యాసు నింపించవలెను” అనుట యొక యాచారమైనది. ఇది పొయ్యిలోని కిరసనాయిలువలె ఖర్చగు వస్తువు కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండునదే గాని తఱుగునది కాదు. తఱిగినదనిన నెక్కడనో చిల్లి పడినదనుట. ఉప్పుగాలి తగులు మన తీరమున రేకులును గొట్టములును త్వరగ చెడును గనుక ముందా చిల్లిని వెదకవలెను. వెదకక నింపించుట చిల్లికుండకు నీరు మోయుటయే. మఱియు పాతయంత్రములలోని ఆర్-22 మండునది కాదు. కాని ఓజోను పొరకు హాని చేయునదగుటచే 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి క్రమముగ దొలగింపబడుచున్నది. ఇప్పటి యంత్రములలో ననేకమునందుండు ఆర్-32 కొంత మండు స్వభావము గలది. ఆర్-290 యనునది ప్రొపేనే, వంటగ్యాసునకు తోబుట్టువు. ఒకదానికి బదులొకటి నింపుటయు, బీడీ వెలిగించుకొని యా పని చేయుటయు నెంత సాహసమో చెప్పనక్కఱలేదు. చిల్లి కనుగొనుటకు నైట్రోజనునే యెక్కింపవలెను. చేతికందినదని వెల్డింగు సిలిండరులోని యాక్సిజనును ఎక్కించినచో లోని నూనెతో గలిసి యంత్రము పేలిపోవును.

ఈ పనులు చేయువారెవరు? ఐ.టి.ఐ.లో జదివియో, ఎవరి వెంటనో తిరిగి నేర్చుకొనియో బ్రతుకుచున్న మన జిల్లా యువకులే. కొందఱు మొన్నమొన్నటి వఱకు మన బెంచీలపై గూర్చున్నవారే. మిట్టమధ్యాహ్నపు టెండలో రెండవ అంతస్తు సజ్జపై నొక కాలును, కిటికీ చువ్వపై నొక కాలును పెట్టి, నడుమునకు త్రాడైన లేక, బరువైన పెట్టెను గోడకెక్కించుచుందురు. క్రింద నిలిచిన గృహస్థుడు “త్వరగా కానీయవోయ్” అనును. మామ్మను నవ్వించి పంపిన యా పనివానిపై నాకు మొదట కోపము వచ్చినమాట నిజము. కాని యతనికి ఎర్తు తీగెను గూర్చి నేర్పినదెవరు? ఎర్తు లేదు, నేనమర్చను అని యతడనినచో, ఆ యింటివారే మఱియొకనిని పిలువరా? చౌకగ చేయువానిని వెదకువారే యతని చేతిలోని త్రాడును, గోడలోని తీగెను తీసివేయుచున్నారు. కావున నేననునది యిది: యంత్రమును గొనువారు దాని వెలతోబాటు మూడవ తీగెను, గుంటను, ఆర్.సి.సి.బి.ని, పనివాని నడుము త్రాడును ఒకే లెక్కలో వ్రాసికొనవలెను. ఆ మొత్తము చేత లేనిచో మఱియొక వేసవి యాగుట మేలు.

మామ్మ యింట తరువాత గోడ చెక్కి మూడవ తీగె వేసిరి. పెరటిలో మల్లెపాదు ప్రక్కనే గుంట త్రవ్విరి. ఇప్పుడామె సాయంకాలము మల్లెపాదునకు ఒక బిందె, గరాటులో నొక చెంబు పోయుచున్నది. “దీనికి కూడా పువ్వులు పూస్తాయేటి మామ్మా?” అని మనుమడు వేళాకోళమాడుచుండును.