ఒక్కరోజు సామర్థ్యం.. ఏడాదంతా గండం

* ఎనిమిదేళ్లు దాటిన ట్యాక్సీలకు ఏటా పరీక్ష తప్పనిసరి
* పత్రం కోసమే మరమ్మతులు చేయించే ధోరణి
* ఘాట్‌రోడ్డుపై బయటపడుతున్న అసలు లోపం

తిరుపతి: తిరుమల నుంచి కొండ దిగే ట్యాక్సీని మలుపు వద్ద ఆపేది బ్రేకు మాత్రమే. డ్రైవరు జేబులోని సామర్థ్య ధ్రువీకరణ పత్రం ఆపజాలదు. ఈ చిన్న సత్యాన్ని మరచినందువల్లే పాత వాహనాలకు ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష చాలామందికి ఒక్కరోజు తంతుగా మారింది. ముందురోజు మెకానిక్ షెడ్డుకు పరుగు తీయడం, మరునాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎదుట బండిని నిలపడం, పత్రం చేతికి రాగానే మరో ఏడాది దాకా ఆ మాటే తలపెట్టకపోవడం ఆనవాయితీ అయింది.

నిబంధన ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం కొత్త రవాణా వాహనానికి తొలి రెండేళ్లు సామర్థ్య పరీక్ష ఉండదు. ఎనిమిదేళ్లు నిండే వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా పత్రాన్ని పునరుద్ధరించుకోవాలి. పత్రం లేని రవాణా వాహనాన్ని చట్టం రిజిస్ట్రేషన్ లేని వాహనంగానే పరిగణిస్తుంది. తొలిసారి పట్టుబడితే రూ.2 వేల నుంచి రూ.5 వేల వరకు జరిమానా పడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు పత్రం లేదని తేలితే బీమా పరిహారం కూడా వివాదంలో పడుతుంది.

గడువు దాటిన ప్రతి రోజుకు రూ.50 చొప్పున అదనపు రుసుం వసూలు చేసే నిబంధన 2016 చివర్లో వచ్చింది. నెల జాప్యమైతే రూ.1,500, ఏడాదైతే రూ.18 వేలకు పైమాటే. ఈ భారానికి నిరసనగా 2022 మే 19న హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్ డ్రైవర్లు బంద్ పాటించారు.

డ్రైవరే యజమాని

పాత ట్యాక్సీలలో అనేకం డ్రైవర్ల సొంత బండ్లే. పరీక్షలో బండి తిరస్కరణకు గురైతే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. అందుకే గట్టెక్కితే చాలునన్న ఆలోచన పుడుతోంది. తోటివాడి బండి నుంచి మంచి టైర్లు తెచ్చి బిగించి, పరీక్ష కాగానే తిరిగి అరిగిన టైర్లతో రోడ్డెక్కే వారూ లేకపోలేదు. ఇందులో మోసపోయేది తనిఖీ అధికారి ఒక్కడే కాదు. ఆ బండినే నమ్ముకొన్న డ్రైవరు, వెనుక సీట్లో కూర్చున్న యాత్రికుడు కూడా మోసపోతున్నారు.

ఘాట్‌రోడ్డు చెప్పే పాఠం

1944లో ప్రారంభమైన మొదటి ఘాట్‌రోడ్డును ఇప్పుడు కొండ దిగేందుకు, 1974లో అందుబాటులోకి వచ్చిన రెండో దానిని ఎక్కేందుకు వినియోగిస్తున్నారు. దిగేటప్పుడు తక్కువ గేరులో రాక బ్రేకుపైనే కాలు ఉంచితే డిస్కులు, డ్రమ్ములు మితిమీరి వేడెక్కుతాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. పాతబడిన కొద్దీ అది తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ కిందికి దిగిపోతుంది గాని బండి ఆగదు. సమతల ప్రదేశంలో నిమిషాల్లో ముగిసే పరీక్షలో ఈ లోపం కనిపించకపోవచ్చు. చాలా కార్ల తయారీ సంస్థలు రెండేళ్లకోసారి ఈ ఆయిల్ మార్చమని సూచించేది ఇందుకే.

నెల ముందే మొదలుపెడితే..

పరీక్ష గడువుకు నెల ముందే బండిని షెడ్డుకు చేర్చడం మేలు. బ్రేక్ ప్యాడ్లు, వెనుక చక్రాల షూలు, హ్యాండ్ బ్రేక్ మొదట చూపించాలి. స్టీరింగ్‌లో వదులు, బాల్ జాయింట్లు, బుష్‌ల అరుగుదల ఆ తరువాత చూడాలి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడుల మధ్య ఉండే చిన్న గట్లు టైరు పైభాగంతో సమానమైతే దాన్ని మార్చవలసిందే. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వైపర్లు, హారన్ వంటివి తక్కువ ఖర్చుతో సరిచేయగలిగినవే అయినా వీటి వల్లే తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. బీమా, పన్ను, పర్మిట్, కాలుష్య పత్రాల గడువులనూ అప్పుడే సరిచూసుకోవాలి. ముందుగా వెళితే ఖర్చును రెండు మూడు విడతలుగా సర్దుకోవచ్చు. గడువు ముంగిట వెళితే మొత్తం ఒకేసారి మీద పడుతుంది.

సొంత కార్ల మాటేమిటి?

ట్యాక్సీకి ఎనిమిదేళ్ల తరువాత ఏటా పరీక్ష ఉండగా, సొంత కారుకు రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్లు నిండే దాకా ఆ ఊసే లేదు. ఆపైన అయిదేళ్లకోసారి పునరుద్ధరణ జరుగుతుంది. ఇందుకు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.600 నుంచి రూ.5 వేలకు, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెంచారు. రుసుం పెరిగినంత మాత్రాన బ్రేకులు బాగుపడవు. కొండ దిగేటప్పుడు పదేళ్ల ట్యాక్సీకి, పద్నాలుగేళ్ల సొంత కారుకు ముప్పు ఒక్కటే.

యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు కేంద్రం 2021లో నియమాలు రూపొందించింది. దీనివల్ల తనిఖీలో పక్షపాతానికి తావు తగ్గుతుంది. అయితే యంత్రం కొలిచేదీ ఆ రోజు స్థితినే. అందువల్ల పరీక్షతో పాటు కొండ కింద ఆకస్మిక తనిఖీలు పెంచడంపై రవాణా శాఖ దృష్టి సారించాలి. డ్రైవర్ల సంఘాలు సైతం నెలకోసారి సభ్యుల బండ్లకు బ్రేకులు, టైర్లు చూపించే ఏర్పాటు చేసుకోవాలి. అప్పుడే ఏడాది గడువున్న పత్రం ఏడాది పొడవునా నిజమవుతుంది.