దండలు చాలవు, శిష్యులు కావాలి

1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ దర్బారు చెదిరిపోయింది. అక్కడి గాయకుల్లో కొందరు బతుకుదెరువు కోసం దక్కన్ దారి పట్టారు. పేరుమోసిన తాన్‌రస్ ఖాన్ వారిలో ఒకరు, మహమ్మద్ సిద్దిఖ్ ఖాన్ మరొకరు. నిజాం కొలువు వాళ్ళకు నీడనిచ్చింది. అమీర్ ఖుస్రో కాలం నుంచి వస్తోందని చెప్పుకొనే ఖవ్వాల్ బచ్చా ఘరానా, అంటే ఖవ్వాలీ గాయకుల సంగీత పరంపర, అలా మూసీ ఒడ్డుకు చేరింది.

సిద్దిఖ్ ఖాన్ వంశంలో పుట్టినవారే అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. హైదరాబాద్ ఖవ్వాలీ అనగానే పెద్దలకు ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చే పేరు ఆయనదే. 1971లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మనవళ్ళు నజీర్, నసీర్ అహ్మద్ ఖాన్‌లను జనం వార్సీ బ్రదర్స్ అంటారు. 2014కి సంగీత నాటక అకాడమీ పురస్కారం వీరిని వరించింది.

అదే ఘరానాలో మరో కొమ్మ సరిహద్దు దాటింది. నిజాం కొలువులో పాడిన మున్షీ రజీయుద్దీన్ సంస్థానం పోయాక కరాచీలో స్థిరపడ్డారు. ఆయన కొడుకు ఫరీద్ అయాజ్ 1952లో హైదరాబాద్‌లోనే పుట్టారు. కోక్ స్టూడియోలో ఆయన పాడిన ఖవ్వాలీలను మన కుర్రాళ్ళు ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వింటారు. ఆ గాయకుడు ఈ ఊరి బిడ్డేనని ఎంతమందికి తెలుసు?

ఖవ్వాలీ నేర్వడం తేలికైన పని కాదు. రాగం, తాళం రావాలి. అక్కడితో అయిపోదు. దర్గాలో పాడుతున్నప్పుడు ఒక మిస్రా (కవితా పాదం) దగ్గర వినేవారిలో ఎవరికైనా కళ్ళు చెమర్చితే, గాయకుడు అక్కడే ఆగి దాన్నే తిప్పి తిప్పి పాడతాడు. ఆ భావానికి సరిపోయే మరో కవి షేరును అప్పటికప్పుడు తెచ్చి ముడివేస్తాడు. దాన్నే గిరహ్ అంటారు. అందుకోసం ఫారసీ, ఉర్దూ, బ్రజ్ కవిత్వం నోటికి వచ్చి ఉండాలి. వెనక వరసలో చప్పట్లు కొట్టే హమ్‌నవాలు ఆ మలుపును కనిపెట్టి గొంతు కలపాలి. ఇదంతా పుస్తకంలో దొరకదు. చిన్నప్పటి నుంచి ఉస్తాద్ వెనక కూర్చుంటేనే అబ్బుతుంది.

ఇప్పుడు చిక్కంతా ఇక్కడే ఉంది. దర్గా ఉర్సు రాత్రి కౌల్ అనే పాటతో మొదలై రంగ్ అనే పాటతో ముగిసే మహఫిల్‌కు గంటల సమయం కావాలి. పెళ్ళి విందులో, కంపెనీ వేడుకలో గాయకుడికి దొరికేది కాసేపు. అక్కడ అడిగేవి నాలుగు సినిమా ఖవ్వాలీలు. ఫారసీ కలాం (కవిత్వం) పక్కకు పోతుంది, గిరహ్‌కు చోటుండదు. అడిగేవాళ్ళు లేని విద్యను ఏ తండ్రి మాత్రం కొడుక్కి ఎన్నాళ్ళని నేర్పుతాడు?

జపాన్ దీనికి ఒక దారి కనిపెట్టింది. 1950 నాటి చట్టం కింద నో, కబుకి, బున్‌రాకు వంటి కళల్లో ఆరితేరినవారిని అక్కడి ప్రభుత్వం గుర్తించి, ఒక్కొక్కరికి ఏటా 20 లక్షల యెన్‌లు ఇస్తుంది. జనం వారిని సజీవ జాతీయ సంపద అని పిలుచుకుంటారు. ఆ డబ్బు శాలువా కప్పి చేతిలో పెట్టే బహుమానం కాదు. కళకు మెరుగుపెట్టుకోవాలి, వారసులను తయారు చేయాలి, అందుకే ఇస్తారు.

పద్మశ్రీలు, అకాడమీ పురస్కారాలు గడిచిన సాధనకు గౌరవం. రాబోయే గొంతుకలకు అవి తిండి పెట్టవు. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ జపాన్ పద్ధతినే కొద్దిగా మార్చి అమలు చేయవచ్చు. పాతబస్తీలో ఖవ్వాలీ నేర్పే ఉస్తాద్‌కు నెలవారీ వేతనం, ఆయన దగ్గర కూర్చునే పిల్లలకు ఉపకారవేతనం ఇవ్వాలి. పిల్లలు ఏ మతం వారైనా, ఆడపిల్లలైనా తలుపు తెరిచే ఉండాలి. పెద్ద ఉస్తాదులకు కంఠతా వచ్చిన కలాంను పూర్తిగా రికార్డు చేయించి, తెలుగు అర్థంతో సహా అందరికీ అందుబాటులో పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు నిధులు కేటాయించాలి.