ఏ లెన్సు కొనవలెను?

నక్షత్రముల కొక లెన్సు, వీథిదృశ్యముల కొక లెన్సు కావలెనని విద్యార్థులు తల్లిదండ్రులను వేధించుట మేము మెచ్చము. 24 మిల్లీమీటర్ల నాభ్యంతరము గలిగి, ఎఫ్ 1.8 వఱకు తెఱచుకొను లెన్సొక్కటియే రెంటికిని చాలును. ఎఫ్ 3.5 జూమ్ లెన్సుకంటె నది దాదాపు నాలుగురెట్లు వెలుతురును లోనికి విడుచును. భూభ్రమణముచే నక్షత్రములు గీతలుగా సాగకుండవలెనన్న, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 500ను నాభ్యంతరముచే భాగించి, వచ్చిన సెకండ్లను మించకుండుట వాడుక. 24కు సుమారు 20 సెకండ్లు లభించును. 50కు 10 మాత్రమే.

వీథిలో నిది దూరపువారిని దగ్గఱగా చూపదు గదా యని కొందఱందురు. ఆ కొఱతయే మాకు గుణముగా తోచుచున్నది. దూరమున పొంచి పేదవాని ముఖమును దొంగిలించుట తగదు. చెంతకేగి, పలుకరించి, వాని సమ్మతి నొంది చిత్రము తీయుడు. రెండవ లెన్సునకై యుంచిన పైకము తల్లిదండ్రులయొద్దనే యుండనిండు.