వీధి మాది కాదు, కాపలా మాది

మదురై మాసి వీధుల్లో, కోయంబత్తూరు ఒప్పణకార వీధి సందుల్లో బండ్లు చూసుకునేవాళ్ళం మేం. ఇంట్లో తెలుగే. వీధిలో మాత్రం నోటంట వచ్చేది అరవమే, ‘వాంగ వాంగ, ఒడి, రైట్టు’. మదురై వీధులు విశ్వనాథ నాయకుడి నాడు మీనాక్షమ్మ గుడి చుట్టూ చతురస్రాలుగా దిద్దినవి, కార్ల కోసం వేసినవి కావు. చిత్తిరై పండగ తేరు ఇప్పటికీ మాసి వీధుల్లోనే తిరుగుతుంది. చక్రం కింద ముట్టుకట్ట పెట్టేవాడు తేరు లాగడు, కానీ వాడు లేనిదే తేరు మలుపు తిరగదు. మా పనీ అదే, పైన దేవుడు కూర్చోడంతే.

రోడ్డుకు అద్దె వసూలు చెయ్యం. రోడ్డు ఊరిది. మేం పుచ్చుకునేది చాకిరీకి. హ్యాండిల్ లాక్ వెయ్యకుండా వదిలితే చాలు, వెనక కడ్డీ పట్టి స్కూటర్ని ఒక్క ఊపున జరిపి, నాలుగు బండ్ల చోట ఆరు పట్టిస్తాం. మిట్టమధ్యాహ్నం సీటు మీద అట్టముక్క కప్పుతాం. తాళంచెవి బండికే మరిచిన అన్న చీరల కొట్లోంచి బయటపడేదాకా దాన్ని జేబులో పెట్టుకుని ఎండలో నిలబడతాం.

మాలోనూ తప్పులున్నాయి. పండగ పూట నోటికొచ్చినంత అడిగినవాళ్ళున్నారు, ఇవ్వనివాడి టైర్లో గాలి తీసినవాడూ ఉన్నాడు. ఇకపై అలాంటివాడికి మా పక్కన చోటు లేదు. రేటెంతో ముందే చెబుతాం. లేదన్నవాళ్ళ వెంటపడం. ఆస్పత్రి గేటుకు అడ్డంగా ఎంతిచ్చినా బండి పెట్టనివ్వం.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సరుకులమ్మేవాళ్ళకే అనుకుంటారు. వీధిలో జనానికి సేవ చేసేవాళ్ళు కూడా అని అందులోనే ఉంది. అయిదేళ్ళకోసారైనా జరగాల్సిన సర్వేలో మల్లెపూలమ్మే అక్క పేరు రాసుకున్న చేత్తోనే, ఆమె పక్కన నిలబడ్డ మా పేర్లూ రాయండి. పట్టణ వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారులకు కనీసం 40 శాతం చోటుంది, అందులో ఒక కుర్చీ మాకివ్వండి. ఇది కొత్తేం కాదు, బ్రెజిల్ 1975లోనే చట్టం చేసి, బండ్లు కాసేవాళ్ళూ కడిగేవాళ్ళూ పేరు నమోదు చేసుకుని పని చేసుకోవచ్చంది. బండ్ల స్టాండు వేలం వేస్తే, పాటదారు మాకెంత కూలి ఇవ్వాలో ఆ షరతుల్లోనే రాయాలి. అంతస్తుల పార్కింగు కడతారా, కట్టండి. అందులో పనికి మొదట మమ్మల్నే పిలవండి.

దీన్ని తెలుగులో రాసుకున్నాం గానీ మాలో తెలుగక్షరం చదివేవాళ్ళు తక్కువ. అందుకే అట్ట మీద అరవంలో కూడా రాసి, వీధి మూల స్తంభానికి కడుతున్నాం. రేటు దాని కిందే ఉంటుంది.