ఒకే కప్పు కింద యజమాని, అద్దెదారు: నోటిమాట చాలదు

కింది అంతస్తులో తాము ఉంటూ పై పోర్షన్‌ను అద్దెకిచ్చే కుటుంబాలు దేశంలోని ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. గృహరుణ వాయిదాలకు ఆసరాగానో, పదవీ విరమణ తర్వాత ఆదాయం కోసమో తొలిసారి టులెట్ బోర్డు కట్టే వీరు కాగితం కన్నా పరిచయాన్నే ఎక్కువగా నమ్ముతారు. రోజూ ఎదురుపడే మనుషుల మధ్య ఒప్పందపత్రం ఎందుకన్నది వారి భావన. వివాదం తలెత్తిన రోజున వారిని నిస్సహాయులను చేసేది కూడా ఆ భావనే.

2011 జనగణన ప్రకారం దేశ పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇల్లు తిరిగి చేతికి రాదేమోనన్న భయం ఇందుకు ఒక కారణం. ఆ భయాన్ని తగ్గించే ఉద్దేశంతో కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. గడువు ముగిసినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపై నాలుగు రెట్ల అద్దె చెల్లించాలి.

అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టం చేస్తేనే అమల్లోకి వస్తుంది. ఉత్తరప్రదేశ్, అస్సాం 2021లోనే కొత్త చట్టాలు తెచ్చుకోగా, తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే కొనసాగుతోంది. పది నెలల అడ్వాన్సు అడిగే బెంగళూరు ఆనవాయితీ ఈ నమూనాకు ఎంతో దూరం.

ఒకే ఇంట్లో ఉండే యజమానికి అద్దె బకాయిల కన్నా ముందు ఎదురయ్యేవి నిత్య తగాదాలు. మోటారు ఎవరు వేయాలి, మేడపై బట్టలు ఎవరు ఆరేసుకోవాలి, గేటు ఎన్నింటికి మూయాలి, కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి అన్నవి ఒప్పందంలో ముందే రాసుకోవాలి. విడి మీటరు ఉంటే సగం గొడవ తగ్గుతుంది. గోడలకు సున్నం, పైపుల మార్పిడి, వైరింగ్ యజమాని బాధ్యతగా, కుళాయి వాషర్లు, స్విచ్‌ల మరమ్మతు అద్దెదారు బాధ్యతగా నమూనా చట్టం విభజించింది.

సొంత ఇల్లే అయినా, అద్దెకిచ్చిన భాగంలోకి వెళ్లాలంటే 24 గంటల ముందు తెలియజేయాలని అదే చట్టం చెబుతోంది. గొడవ వచ్చిందని నీరు, విద్యుత్తు నిలిపివేయడాన్ని నిషేధిస్తోంది. తొలిసారి యజమానులు తరచూ తడబడేది ఇక్కడే.

పన్ను లెక్క కూడా ముఖ్యమే. అద్దె 'ఇంటి ఆస్తి ఆదాయం' కిందకు వస్తుంది. చెల్లించిన పురపాలక పన్ను పోగా మిగిలిన మొత్తంలో 30 శాతం ప్రామాణిక మినహాయింపు లభిస్తుంది. బ్యాంకు ద్వారా అద్దె తీసుకుంటే లెక్కకూ, వివాదం వస్తే సాక్ష్యానికీ పనికొస్తుంది.

ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. గడువు ఎంతైనా, షరతులు స్పష్టంగా రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు. ఒకే మెట్లు వాడుకునే రెండు కుటుంబాల స్నేహాన్ని నిలిపేది ఆ స్పష్టతే.